వరుసలో పిన్ని విమానం

నాన్న పోయాక నన్ను చదివించింది బాబాయి. కొల్లేరు అంచున చేపల చెరువులు చేసుకుంటూ, తన కొడుకుతో సమానంగా నన్నూ తాడేపల్లిగూడెంలో కాలేజీకి పంపాడు. ఆ చదువే నన్ను ఒక పెద్ద నగరంలో విమానాశ్రయం కంట్రోల్ టవర్ ఎక్కించింది. నేలమీద ఏ విమానం ముందు కదలాలో, ఏది ఆగాలో చెప్పడం నా పని.

ఆ ఉదయం డ్యూటీకి వెళ్తుంటే పిన్ని ఫోన్ చేసింది. కూతురి పురిటికని ఆ నగరానికే వచ్చి ఉంది.

"మీ బాబాయికి గుండెల్లో నొప్పి వచ్చిందంట నాన్నా. ఏలూరు ఆసుపత్రిలో పెట్టారంట. ఎయిర్‌పోర్టుకి వచ్చేశాను."

"భయపడకండి పిన్నీ. మధ్యాహ్నానికల్లా ఆయన పక్కనుంటారు," అన్నాను.

నేను టవర్ ఎక్కేసరికి పొగమంచు పట్టేసింది. అది విడేసరికి బయల్దేరాల్సిన విమానాలన్నీ ఒక్కసారిగా దారి అడిగాయి. దిగినవాటికి నిలబడే చోటు లేదు. ఉన్న రన్‌వే ఒక్కటే. పిన్ని ఎక్కిన విమానం వరుసలో బాగా వెనక ఉంది. అద్దంలోంచి దాని తోక కనిపిస్తూనే ఉంది.

ఆ విమానం పైలట్ రేడియోలో అడిగాడు: "ఒక ప్రయాణికురాలి భర్త ప్రాణాపాయంలో ఉన్నారట. ముందు వెళ్లనిస్తారా?"

జబ్బుపడ్డ మనిషి విమానంలో ఉంటేనే ముందు పంపుతాం. పైగా ఆ ఇరుకు దారిలో ముందున్నవాటిని తప్పించే వీలే లేదు. "కుదరదు, ఉన్నచోటే ఉండండి," అన్నాను. నిలబడి నిలబడి ఇంధనం తగ్గిపోయి, ఆ విమానం నింపుకోవడానికి వెనక్కి మళ్లింది. దానికి దారి చెప్పిందీ నేనే.

పిన్ని ఏలూరు చేరేసరికి బాబాయి లేడు. "మీ అమ్మ ఎక్కడిదాకా వచ్చిందిరా" అని ఆఖరిదాకా అడుగుతూనే ఉన్నాడని తమ్ముడు చెప్పాడు.

మర్నాడు నేను వాళ్లింటికి వెళ్లాను. వసారాలో కూర్చున్న పిన్ని అడిగింది.

"మా విమానం నీ చేతిలోనే ఉందంట కదా నాన్నా?"

"ఉంది పిన్నీ."

"మరి?"

రూలు చెప్పాను, రన్‌వే సంగతి చెప్పాను. చెబుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ అంతా విని, "మీ పనులు మాకేం తెలుస్తాయండీ," అని లోపలికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఫోన్ చేస్తే నన్ను మీరు అనే అంటోంది. "బాగున్నారాండీ? పిల్లలు బాగున్నారా?" అని అడిగి పెట్టేస్తుంది. తిట్టినా బాగుండేది. చెరువులు లీజుకిచ్చేశారట, అదీ తమ్ముడు చెబితేనే తెలిసింది.

ఇక్కడ విమానాలు ఇంకా పెరిగాయి. త్వరగా వెళ్లాలని ఎవరో ఒకరు రోజూ అడుగుతారు. ఎందుకని నేను అడగను. ఆగమంటాను.