ఎర్ర దారం కట్టిన స్కేలు

ఈ మధ్య మా వంటింటి అలమరకు తలుపులు మార్పించాను. వడ్రంగి శ్రీను బాల్కనీలో టేకు పలక పెట్టుకుని చేత్తో రందా, అదే చిత్రిక, కొడుతుంటే ఇల్లంతా ఆ వాసన నిండిపోయింది. ఇప్పుడు అన్నీ మిషన్లే కదా, రందా చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయి అక్కడే నిలబడ్డాను. పాలు పొంగి స్టవ్వంతా పాడైంది, మావారు విసుక్కున్నారు. విసుక్కోరూ మరి! ఆ వాసన వెనక నాకు వీరాచారిగారు కనిపిస్తున్నారని ఆయనకేం తెలుసు? నాచారంలో నేను మొదటి ఉద్యోగం చేసిన వర్క్‌షాపులో వీరాచారిగారు పెద్ద మేస్త్రి. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, ఆయనకు యాభై దాటాయి.

అరవైల చివరి మాట ఇది. కాకినాడలో డ్రాయింగు కోర్సు చదివి, ఉప్పల్లో మా అక్క ఇంట్లో ఉంటూ, రోజూ పొలాల మధ్య దారిన నడిచి నాచారం వెళ్ళేదాన్ని. మా షాపులో ఫౌండ్రీలకు చెక్క అచ్చులు చేసేవారు. ఆ అచ్చును ఇసుకలో అద్ది, ఆ ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారితే కాస్త కుంచించుకుపోతుంది కనుక అచ్చును ముందే కాస్త పెద్దదిగా చేయాలి. ప్రతిసారీ లెక్కలు వేసే బాధ లేకుండా అచ్చు పనివాళ్ళకు పోత స్కేలని వేరే స్కేలు ఉండేది. చూపుకు మామూలు స్కేలే, కానీ దాని మీది అడుగు అసలు అడుగు కన్నా ఒక సూతు ఎక్కువ. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మా వైపు నూలు అంటారు. వీరాచారిగారు ఆ పెద్ద స్కేలుకు గుర్తుగా ఎర్ర దారం కట్టుకున్నారు. మామూలు స్కేలుకు ఏమీ ఉండేది కాదు. ఆయన ఎక్కువగా వాడేది ఎర్ర దారందే.

నన్ను తీసుకోవడం మా ఓనరుకు సగమే ఇష్టం. మూడు నెలలు చూస్తానని, ఆ తర్వాత సంగతి తర్వాత అని మొదటిరోజే చెప్పాడు. షాపులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నేను గీసిన కాగితాన్ని మిగతా పనివాళ్ళు పెళ్ళి శుభలేఖలా అటూ ఇటూ తిప్పి చూసి నవ్వుకునేవారు. వీరాచారిగారు మాత్రం దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు మేకులు పెట్టి, శ్రద్ధగా చదివేవారు. అర్థం కాకపోతే నన్నే పిలిచి అడిగేవారు. ఆ మర్యాద ఒక్కటే నన్ను ఆ షాపులో నిలబెట్టింది.

మూడు నెలలు పూర్తి కావస్తుండగా ఆ పడవ బల్ల పని వచ్చింది. లాలాపేటలో ఉండే రిటైరైన రైల్వే ఇంజనీరుగారు ఒకాయన పాత తెరచాప పడవ ఒకటి కొని, సొంతంగా బాగుచేసుకుని, హుస్సేన్‌సాగర్‌లో తిప్పేవారు. ఆదివారాలు భార్య కామేశ్వరమ్మగారిని ఎక్కించుకుని, టిఫిన్ క్యారియర్లో ఉప్మా పెట్టుకుని షికారు వెళ్ళేవారు. పడవ వెనక వైపు ఎదురుబొదురుగా రెండు బెంచీలు, మధ్యలో కాళ్ళు పెట్టుకునే గుంట. దాన్ని కాక్‌పిట్ అంటారట. అక్కడ బల్ల లేక టీ ఒలికిపోతోందని, పైగా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని, కాళ్ళు చాపుకోవడానికీ పనికొచ్చే బల్ల ఒకటి చేసిపెట్టమని అడిగారు. అచ్చుల షాపులో బల్ల ఏమిటని ఓనరు గొణిగాడు గానీ, పాత పరిచయం కాదనలేక ఆ పని నాకూ వీరాచారిగారికీ అప్పగించాడు. దీని డ్రాయింగు నాదేనని, ఇది చూశాక నా సంగతి తేలుస్తానని అందరి ముందూ అన్నాడు.

కొలతల కోసం ఇద్దరం సాగర్ గట్టుకు వెళ్ళాం. వీరాచారిగారు అదే మొదటిసారి పడవ ఎక్కడం. ఒడ్డున కట్టేసి ఉన్న పడవలో కూడా రెండు చేతులతో బెంచీ పట్టుకుని కూర్చున్నారు. ఇంజనీరుగారికి మెరిసే జిట్రేగి చెక్క కావాలని ఉంది. అది ఊగే పడవకు బరువవుతుందని, నీళ్ళలో నానినా టేకైతే మాట వింటుందని వీరాచారిగారు నచ్చజెప్పారు. నేను టేపు తీసి గబగబా కొలవబోతే ఆపారు. కామేశ్వరమ్మగారిని బెంచీ మీద కూర్చోమని, చేతికి స్టీలు గ్లాసు ఇచ్చి, టీ తాగినట్టు చేయమన్నారు. ఆవిడ సిగ్గుపడుతూనే రెండు మూడుసార్లు గ్లాసు ఎత్తి దించారు. ఆ చెయ్యి ఎక్కడ ఆగుతోందో ఆయన కళ్ళార్పకుండా చూశారు. తర్వాత నాతో మెల్లగా, "ముంగట మనిషి మోచెయ్యి సూడాలె బిడ్డా, ఎన్క స్కేలు" అన్నారు.

బల్ల రూపం అక్కడే తేలింది. చుక్కాని పిడి అటూ ఇటూ తిరగడానికి చోటు వదిలాం. గ్లాసులు జారకుండా నాలుగు వైపులా సన్నని అంచు, పడిన నీళ్ళు పోవడానికి మూలల్లో సందులు. టీ అయ్యాక బల్లను దాని ఒంటికాలి మీంచి ఊడదీసి తిరగేస్తే, రెండు బెంచీల లోపలి అంచులకు బిగించిన పట్టీల మీద సరిగ్గా కూర్చుని, బెంచీలతో సమంగా నున్నటి పలక అవుతుంది. అప్పుడు ఆవిడ కాళ్ళు చాపుకోవచ్చు. తిరగేసే ఆలోచన ఆయనది, బెంచీల మధ్య వెడల్పు చూసి కాగితం మీద కూర్చింది నేను. ఆ వెడల్పు సరిగ్గా రెండడుగులు. మూడుసార్లు కొలిచి, డ్రాయింగులో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

చెక్క మీద గుర్తులు పెట్టే రోజున ఆయన పొద్దుట్నుంచీ ఒక పంపు అచ్చు మీద ఉన్నారు. అది పక్కకు జరిపి, టేకు పలక ముందుకు లాక్కుని, చేతిలో ఉన్న స్కేలుతోనే గీతలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ స్కేలు కొసన ఎర్ర దారం ఊగుతూ కనిపించింది. బల్లకు ఈ స్కేలు ఎందుకు, చెక్క కుంచించుకుపోదు కదా అనుకున్నాను. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషికి తెలియదా, తిరగేసే బల్లకు ఏదైనా వదులు కావాలేమో, నేను నోరు తెరిచి నవ్వులపాలైతే మూడు నెలలూ గంగలో కలుస్తాయి. ఇలా నాకు నేనే పది కారణాలు చెప్పుకున్నాను. ఆయన రంపం అందుకునేసరికి నేను నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

బల్ల చూడముచ్చటగా తయారైంది. ఆదివారం పొద్దున సాగర్ దగ్గర పడవలో కాలు బిగించి బల్ల పెడితే కామేశ్వరమ్మగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. తర్వాత తిరగేసి బెంచీల మధ్యకు దించబోయారు. దిగలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, రెండు సూతుల దగ్గర మొరాయించింది. చూడటానికి వచ్చిన మా ఓనరు అందరూ వినేలా, ఆడపిల్ల చేతికి డ్రాయింగు ఇస్తే ఇలాగే ఏడుస్తుందని, రేపు వచ్చి లెక్క తేల్చుకోమని అన్నాడు.

వీరాచారిగారి సంచిలో రందా ఉంది. మాట్లాడకుండా అంచులు రెండు వైపులా ఒక్కొక్క సూతు చెక్కేస్తే పావుగంటలో పని అయిపోయేది, తప్పు ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు, అప్పటికే నాదని తేలిపోయింది కనుక. ఆయన రందా తియ్యలేదు. సంచిలోంచి ఎర్ర దారం స్కేలు తీసి, ఇంజనీరుగారి స్టీలు టేపు అడిగి తీసుకుని, రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టారు. అడుగు దగ్గర గీతలు కలవలేదు.

"బిడ్డ గీసింది సక్కగనే ఉన్నది సార్. నేనే పోత స్కేలు పట్టుకొని కోసిన. తప్పు నాది" అన్నారు ఓనరుతో.

ఓనరు గట్టు మీదకు నడిచాడు. వీరాచారిగారు అప్పుడు తీశారు రందా. ఊగే పడవలో ఒక కాలు బెంచీకి తన్నిపెట్టి, అంచులు చెదరకుండా సన్నగా చెక్కారు. టేకు చుట్టలు నీళ్ళలో పడి తేలాయి. బల్ల చిన్న చప్పుడుతో పట్టీల మీద కూర్చుంది. కామేశ్వరమ్మగారు దాని మీద కాళ్ళు చాపుకుని, ఇక ఎవరైనా టీ ఇస్తే తాగుతానన్నారు. అందరూ నవ్వారు, నేను తప్ప.

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను. స్కేలు నేను ఆరోజే చూశానని, అనుమానం వచ్చినా చెప్పలేదని ఆయనతో చెప్పేశాను. నా ఉద్యోగం నిలబెట్టిన మనిషి దగ్గర ఆ సంగతి దాచుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. తార్నాక దాటింది, హబ్సిగూడ దాటింది. నాచారంలో దిగాక, సంచి భుజం మార్చుకుని అడిగారు.

"నేను పెద్దోన్నని చెప్పలేదా, భయానికి చెప్పలేదా?"

"రెండూనండీ."

"నా తప్పు రందా కొడితే పోయింది. నీది గట్ల పోదు బిడ్డా."

ఆరోజు నేను ఉప్పల్ దాకా ఏడుస్తూ నడిచాను. ఓనరు అన్న మాటకు రాని ఏడుపు ఈ మాటకు వచ్చింది. ఆయన ఇక నాతో మాట్లాడరనే అనుకున్నాను. సోమవారం షాపులో అడుగుపెట్టగానే పేరు పెట్టి పిలిచారు. బల్ల మీద కొత్త పలక, చేతిలో స్కేలు. దాన్ని నాకు అందించి, ఏ స్కేలో చూసి చెప్పమన్నారు. ఎర్ర దారందని చెప్పాను. ఈ పనికి అదే కావాలా అని అడిగారు. కావాలన్నాను. అప్పుడు గీత పెట్టారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆయనకు చూపు ఆనక కాదు, నా నోరు తెరిపించడానికని నాకు వారం రోజుల్లో అర్థమైంది. పనివాళ్ళు మొదట నవ్వారు, తర్వాత వాళ్ళూ ఒకరి స్కేలు ఒకరికి చూపించుకోవడం మొదలుపెట్టారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా షాపులో పక్కవాళ్ళు చూడకుండా ఎవరూ మొదటి కోత కొయ్యలేదు. మూడు నెలల గడువు సంగతి ఓనరు మళ్ళీ ఎత్తలేదు. అక్కడే పదకొండేళ్ళు పనిచేశాను.

ఆయన పోయాక ఆ స్కేలు ఎవరి చేతికి వెళ్ళిందో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

పాలు తుడుచుకుని మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళేసరికి శ్రీను నేను రాసిచ్చిన కొలతల కాగితం చూస్తున్నాడు. జీవితమంతా డ్రాయింగులు గీసినదాన్ని కదా, కొలతలు నేనే తీసి, అంకెల కింద గీతలు కూడా గీసి ఇచ్చాను. అతను కాగితం చూశాడు, అలమర చూశాడు, పెన్సిల్ పలక దాకా తెచ్చి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత ఏమీ అనకుండా రంపం అందుకున్నాడు. నేను ఆగమన్నాను. ఏదో చెప్పబోయి మానేశావు, ఏమిటది అని అడిగితే ఏం లేదన్నాడు.

"నేను పెద్దదాన్నని చెప్పట్లేదా, భయానికా?" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "మీరు మీద ఒక్క తాననే కొలిచిన్రమ్మా. గోడ వంకరున్నది, కింద అర ఇంచు తక్కువొస్తది. గిట్లనే కోస్తే తలుపు వట్టదు" అన్నాడు.

వెళ్ళి చూశాను. నిజమే. సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది. రంపం కింద పెట్టమని, ముందు టీ తాగమని చెప్పాను. తర్వాత టేపు ఒక కొస అతను, ఒక కొస నేను పట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి కొలిచాం.