పెండ్లి బండికి నా ఎదురు

తెల్లవారి ఐదూ నలభైకి జీపు మమ్మల్ని దించింది. కోసిగి దాటాక, కర్ణాటక వైపు పోయే తారు రోడ్డు మీద. చుట్టూ బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టున్న గుట్టలు. పత్తి కట్టె పీకేసిన చేలు. రెండు తుమ్మ చెట్లు. నీడ అంటే అంతే. గాలి మాత్రం అప్పటికే లేచింది.

అక్కడ ఏమేం ఉన్నాయో చెప్తాను. ఒక షామియానా. రాళ్ళు నింపిన రెండు రేకు డ్రమ్ములు. వాటి మీద అడ్డంగా తెల్ల రంగు పూసిన వెదురు కట్టె, దాన్ని ఎత్తడానికి ఒక తాడు. వైర్‌లెస్ సెట్టు. రిజిస్టరు. నీళ్ళ క్యాను. ఆడవాళ్ళను సోదా చేయడానికి దుప్పటి కట్టిన తడిక. పక్క రాష్ట్రం నుంచి మందు ప్యాకెట్లు దొంగతనంగా వస్తున్నాయని పెట్టిన చెక్‌పోస్టు అది. పోయే బండ్లను, వచ్చే బండ్లను, రెంటినీ ఆపమని ఉత్తరువు. ఆడవాళ్ళు చీరల్లో దాస్తారు కాబట్టి ఒక ఆడ మనిషి కావాలన్నారు. ఆ ఆడ మనిషిని నేను. హోంగార్డుని.

మాది సైన్యం కాదు. మా చేతికి తుపాకీ ఇవ్వలేదు. కానీ యూనిఫాం ఉంది, ఉత్తరువు ఉంది, నిలబడమన్న చోట నిలబడాలి. ఇరవై ఒక్క రోజుల డ్యూటీ. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నా వంతు.

మాది ఎమ్మిగనూరు. నేను మగ్గాలకు కండెలు చుట్టేదాన్ని. మా ఆయన హోంగార్డుగా ఉండి, డ్యూటీలో లారీ గుద్ది పోయాడు. ఆయన పని నాకిచ్చారు. చదివింది ఐదో తరగతి. సంతకం వస్తుంది, తెలుగు కూడబలుక్కుంటాను. ఇది కూడా నేను చెప్తుంటే నా మేనకోడలు రాస్తోంది.

నా వంతులో ఇంకా ఇద్దరుండేవాళ్ళు. పోస్టుకు పెద్ద హెడ్ కానిస్టేబులు, ఆయన్ను హెడ్డు అంటాం. రెండోవాడు వైర్‌లెస్ చూసే కానిస్టేబులు, నా తమ్ముడి ఈడు, అతన్ని వైర్‌లెస్ అనే పిలిచేవాళ్ళం. పదకొండు దాటితే తారు మెత్తబడి బూటుకు అంటుకునేది. ప్యాంటు, బూట్లు, బెల్టు, టోపీ. మెడలో గుర్తింపు కార్డు. దాని మీద మూడు సింహాలు, కింద ఏదో రాత. నాకు తెలిసిన అక్షరాలు కావు.

మూడో రోజు వైర్‌లెస్‌ను అడిగాను. సత్యమేవ జయతే అని చదివాడు. నిజమే గెలుస్తుందని అర్థం చెప్పాడు.

"ఎప్పుడు గెలుస్తాదంట?" అన్నాను.

"అది రాయలేదక్కా" అని నవ్వాడు.

ఏడో రోజు ముహూర్తం రోజు. మూఢం పోయి అప్పటికి వారమే అయింది, ఊరూరా పెండ్లిళ్ళు. ఎనిమిదీ యాభైకి దూరంగా డప్పులు వినబడ్డాయి. మామిడాకులు కట్టిన టెంపో వస్తోంది. అప్పుడు నేనొక పని చేశాను. ఎవరూ చెప్పలేదు. కాళ్ళే చేశాయి. లేచి తడిక వెనక్కి పోయి, రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డాను.

మీకు తెలిసిందే. మొగుడు పోయిన ఆడది శుభానికి ఎదురు రాకూడదు. ఆరేళ్ళుగా మా వీధిలో పెండ్లి కదిలితే నేను తలుపేసుకుని లోపల కూర్చునేదాన్ని. ఒకరు మూయమంటే మూసిన తలుపు కాదు, నాకు నేనే మూసుకునేది. ఖాకీ వేసుకున్నా ఆ అలవాటు పోలేదు.

హెడ్డు డ్రైవరు కాగితాలు చూసి కట్టె ఎత్తించాడు. లోపలి ఆడవాళ్ళను చూసినవాళ్ళు లేరు.

తొమ్మిదీ పదిహేనుకి సెట్టు పలికింది. "మామిడాకుల టెంపో. పెండ్లికూతురు మైనరని ఫిర్యాదు. ఆపండి. ఓవర్." వైర్‌లెస్ మా ఇద్దరినీ చూశాడు. "దాటిపోయింది. ఓవర్" అన్నాడు. పది దాటాక ఇంకో మాట వచ్చింది. అవతలి పోలీసులు చేరేసరికే తాళి కట్టేశారు.

హెడ్డు నన్ను పిలిచి, ఆ టెంపో వచ్చినప్పుడు యాడుంటివని అడిగాడు. పెండ్లోళ్ళకు ఎదురు రాకూడదని పక్కకు పోయినానన్నాను.  ఆయన రిజిస్టరు తెరిచాడు. అందులో మహిళా సోదా అని ఒక గడి ఉంటుంది. చేసినట్టు రాస్తే ఇద్దరికీ తంటా ఉండదన్నాడు. చేయలేదని రాస్తే నాకు మెమో వస్తుందట. రెండోసారి జరిగితే ఇంటికేనట.

ఆ పని పోతే నాకు మళ్ళీ కండెలే. అయినా కార్డు మీద రాత గుర్తొచ్చింది. నిజం గెలవడం సంగతి తర్వాత, ముందు దాన్ని ఒకరు చెప్పాలి కదా అనిపించింది.

"సెయ్యలేదనే రాయండి సార్" అన్నాను.

రాశాడు. నేను సంతకం చేశాను. పెన్ను మూస్తూ హెడ్డు ఒక మాట అన్నాడు. "నీ మొగుడు పోయిన దినం ఆ ఎదురు నీకు పెట్టింటారమ్మా. ఈ టోపీ పెట్టిన దినమే అది పోయింది. నీకెవరూ సెప్పలేదు, అంతే."

నాలుగు రోజులకు మెమో వచ్చింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. డ్యూటీ అయ్యేదాకా అక్కడే ఉంది.

పదహారో రోజు మళ్ళీ ముహూర్తం. ఏడూ పదికి డప్పులు. ఈసారి అరటి పిలకలు కట్టిన టెంపో. గాలి నా ముఖానికి కొడుతోంది, కళ్ళలో దుమ్ము. కాళ్ళు తడిక వైపు లాగాయి, అబద్ధం చెప్పను. జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. పోయి రోడ్డు నడిమధ్యన నిలబడి చెయ్యి ఎత్తాను.

టెంపో నాకు రెండు బారల దూరంలో ఆగింది. ముందు సీట్లోంచి తెల్ల పంచె పెద్దాయన దిగాడు. పెండ్లికూతురి మేనమామ అని తర్వాత తెలిసింది. నా నుదురు చూశాడు, మెడ చూశాడు.

"ఏం సార్" అన్నాడు హెడ్డుతో, "పెండ్లి బండికి ముండమోపిని నిలబెడతారా? మీకు ఆడపిల్లలు లేరా?"

హెడ్డు కుర్చీలోంచి లేవలేదు. "ఆమె చెయ్యి దించితేనే కట్టె లేస్తాదప్పా. ఆమెనే అడుక్కో."

నేను చెయ్యి దించలేదు. ఆడవాళ్ళ సోదా ఉంది, దిగమన్నాను.

ఎదురు అయిపోయింది కాబట్టి ఇక ఆ బండి అట్లాగే పోకూడదు. మన వైపు పద్ధతి మీకు తెలుసు. దిగి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరితే దోషం పోతుందంటారు. పెద్దాయన తానే పిల్లను దింపించాడు. పది నిమిషాలు కూర్చోండన్నాడు. నేను వెంటబడి అడిగినా అంత సమయం ఇచ్చేవాడు కాదు. నేనంటే ఉన్న భయమే ఇచ్చింది.

ఆడవాళ్ళు కట్టె పక్కనుంచి నడిచి, అవతల ఉన్న షామియానాలో కూర్చున్నారు. నా చేతి నీళ్ళు వద్దని వాళ్ళే క్యాను నుంచి పట్టుకున్నారు. ఒక్కొక్కరినీ తడిక వెనక్కి పిలిచాను. చివర పెండ్లికూతురు. పట్టుచీర భుజం మీద నిలవడం లేదు, పిన్నులతో కుట్టినట్టు పెట్టారు. చేతులకు మోచేతుల దాకా పసుపు. ఏ తరగతి అని అడిగాను. తొమ్మిది పాసయినానంది. ఇష్టమేనా అన్నాను. నేల చూసింది. తడిక అవతల ఒకామె దగ్గుతోంది, ఊరికే, వింటున్నానని చెప్పడానికి.

"నేను సెప్తే ఎవురన్నా వింటారా?" అంది పిల్ల.

"వినేదానికే ఈడ నిలబడినా. కానీ నోరు నీదే. నువ్వే సెప్పల్ల."

అది నా ముఖం చూసింది. ఏం చూసిందో నాకు తెలియదు. నాకంటే ముందు తడిక దాటి బయటికి నడిచింది. డప్పులవాళ్ళు, డ్రైవరు, మేనమామ, అందరూ అక్కడే ఉన్నారు.

"నాకు పదహైదేండ్లు" అంది. గొంతు పగిలింది. మళ్ళీ అంది. "పదహైదే. నాకీ పెండ్లి వద్దు. బండెక్కను."

 అందరూ ఒకేసారి అరిచారు. హెడ్డు అప్పుడు లేచాడు, కట్టె దగ్గర లాఠీ అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. వైర్‌లెస్ తన సెట్టు అందుకున్నాడు. "పెండ్లికూతురు మైనర్. తానే చెప్పింది. బండి ఆపినాం. ఓవర్." తానే చెప్పింది అన్న మాట రెండుసార్లు పలికాడు.

ఆదోని నుంచి పిల్లల సంక్షేమం చూసే మేడమ్ రావడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ పిల్లకూ వాళ్ళకూ మధ్య నేను నిలబడ్డాను. మేనమామ నన్ను తిట్టి తిట్టి అలిసిపోయాడు. ఆఖరికి నా దగ్గరికొచ్చి అన్నాడు.

"నీ ఎదురు వల్లనే మా పెండ్లి చెడింది."

"అవునన్నా" అన్నాను. "నా ఎదురు వల్లనే."

ఆరేళ్ళలో ఆ మాట నా చెవిన పడి నేను తల దించుకోనిది ఆ ఒక్కసారే. వెనక వైర్‌లెస్ నవ్వు ఆపుకోలేక టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మేడమ్ పిల్లతో విడిగా మాట్లాడి, బడి కాగితాలు తెప్పించి చూసింది. ఆమె వచ్చిన జీపు కట్టెకు ఇవతల, మన వైపు ఆగి ఉంది. నేను కట్టె ఎత్తుతానన్నా పిల్ల ఆగలేదు. చేత్తో కట్టె పట్టుకుని, వంగి, కిందనుంచి దాటి జీపెక్కింది. చదువు హాస్టల్లో సాగిందని తర్వాత హెడ్డు కనుక్కుని చెప్పాడు. ఆ రోజు రిజిస్టరులో మహిళా సోదా గడి ఆయన రాయలేదు. పుస్తకం నా వైపు తిప్పాడు. చేసినాను అని నేనే రాశాను. నాలుగు అక్షరాలు, గడి దాటి పక్క గడిలోకి పోయాయి.

ఇరవై ఒకటో రోజు రెండుకి బదిలీ మనిషి వచ్చింది. జీపు ఆదోని మీదుగా ఎమ్మిగనూరు చేరేసరికి ఐదున్నర. మరుసటి వారం మా వీధిలో పెండ్లి కదిలింది. నేను తలుపు తెరిచి గడప మీద నిలబడ్డాను. కొందరు ముఖం తిప్పుకున్నారు. పెండ్లికూతురు తిప్పుకోలేదు. ఆ తర్వాత ఏళ్ళు గడిచి, పోయిన ఏడు రిటైరయ్యాను. టోపీ, బెల్టు అప్పజెప్పాను. కార్డు కూడా.

కళ్ళలో ఉన్నది ఒకటి మాత్రం అప్పజెప్పలేదు. ఆ ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం జీపెక్కే ముందు వెనక్కి చూశాను. ఐదు రోజుల గాలి, దుమ్ము, ఎండ. అయినా ఆ తెల్ల కట్టె మీద, పిల్ల పట్టుకున్న చోట, నాలుగు పసుపు వేళ్ళు అట్లాగే ఉన్నాయి.