హోల్డాన్, బావా!

మా ఆయన బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత నిదానమో కంచం ముందు అంత దూకుడు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పది నిమిషాల్లో తినడం అలవాటై, సెలవు రోజున కూడా వెనకాల ఎవరో హారన్ కొడుతున్నట్టే తినేవారు. రెండోసారి వడ్డించందే లేచేవారు కాదు. డిపోలో ఆయన పేరు ‘డబుల్ ట్రిప్పు’.

ఈ ఏడాది వైద్య పరీక్షలో డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాలి. లేదంటే స్టీరింగు వదిలేసి డిపోలో స్పేర్ పార్టుల గదిలో కూర్చోవాలి. ఇరవై రెండేళ్లుగా బస్సే లోకంగా బతికిన మనిషి మొహం వేలాడేసుకుని ఇంటికొస్తే నా ప్రాణం ఉసూరుమంది.

మర్నాటి నుంచి కడుపు మాడ్చుకోవడం మొదలెట్టారు. ఒక వారం రెండు కిలోలు తగ్గి, ఆ పై వారం ఆకలికి తాళలేక మూడు పెరిగారు. నాకు ఒళ్లు మండి, నేనే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

"తిండి మానేస్తే ఒళ్లు బెదిరిపోతుందండీ. ఉన్నది దాచుకుని, ఆకలి ఇంకా పెంచుతుంది" అంది ఆవిడ. "కడుపు నిండిన కబురు తలకి చేరడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. మీరేమో పది నిమిషాల్లో రెండు ప్లేట్లు ఖాళీ చేస్తున్నారు."

"అంటే స్టాపొచ్చిందని చెప్పేలోపే బండి దాటిపోతోందన్నమాట" అన్నారీయన. ఆ ముక్క మాత్రం బుర్రకెక్కింది.

ఆయన బస్సులో కండక్టరు మా తమ్ముడే. ఇద్దరూ భోజనాన్ని అరగంట విరామానికి మార్చుకున్నారు. క్యాంటీన్లో నాలుగు ముద్దలకోసారి వాడు "హోల్డాన్, బావా!" అని కేకేసేవాడు. ఇన్నేళ్లుగా ఆ కేకకి బ్రేకు తొక్కిన మనిషి కదా, చెయ్యి దానంతటదే ఆగిపోయేది. "రైట్ రైట్" అంటేగానీ మళ్లీ కదిలేది కాదు. డిపో అంతా పడీ పడీ నవ్వింది.

నెల తిరిగాక ఒకరోజు ఇంట్లో నేను మళ్లీ వడ్డించబోతే, చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నారు. పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట విని ఎరగను. జ్వరమేమోనని నుదురు పట్టి చూశాను.

"బాగానే ఉన్నానే బాబూ! కడుపు నిండింది, అంతే!"

మూడు నెలలకి ఆరు కిలోల మీద ఇంకో రెండొందల గ్రాములు తగ్గారు. స్టీరింగు ఆయనదే. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఆయనకిష్టమైనవన్నీ వండి, "ఇవాళ ఆపేవాళ్లెవరూ లేరు, మీ ఇష్టం" అన్నాను. అయినా నిదానంగానే తిన్నారు. సగంలో ఆగి కంచంకేసీ నాకేసీ చూశారు.

"నువ్వింత బాగా వండుతావని ఇన్నాళ్లూ తెలీదే నాకు!"

ఇరవై రెండేళ్ల వంట! గరిటెతో ఒకటి వేద్దామనుకున్నాను గానీ, నవ్వొచ్చేసి నేనూ కంచం పెట్టుకుని పక్కన కూర్చున్నాను.