అమ్మవారి చెంప మీది గీత

మొన్న నంద్యాలలో ఒక స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళి, మూడు కూరలూ ఒకే రంగులో ఉన్న భోజనం ముగించుకుని బయటపడుతుంటే, వాకిట్లో నిలబడిన వాళ్ళ పిన్నమ్మ ప్లాస్టిక్ కవరులో చుట్టిన అట్టముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. అట్టముక్క అంటే వాళ్ళకు కోపం వస్తుంది, దానికి ఎం.డి.ఎఫ్. అని మర్యాదైన పేరుంది. రంపపుపొట్టును జిగురుతో ముద్ద చేసి అదిమిన పలక అది. దాన్ని లేజరుతో అమ్మవారి ముఖంగా కోసి, టేకును ఎప్పుడూ చూడనివాడెవడో టేకురంగు అనుకుని ఏదో పూశాడు. కవరు విప్పగానే కాలిన ప్లాస్టిక్కూ, ఆరని జిగురూ కలిసి కుళ్ళినట్టు వాసన కొట్టింది. తిన్న మూడు కూరల్లో ఒకటి వెనక్కి వస్తానంది.

అంతవరకూ మామూలే, ఈ రోజుల్లో ఏ ఫంక్షనుకు పోయినా ఇలాంటి దరిద్రమేదో చేతిలో పెట్టకుండా పంపరు. కానీ ఆ ముఖం మీద, ఎడమ కనుబొమ నుంచి కంటిలోకి, కంటి నుంచి చెంప దాకా, సన్నని గీత ఒకటి పాకి ఉంది. నా పక్కనున్న పెద్దావిడ దాన్ని కళ్ళకద్దుకుని, అది అమ్మ కన్నీటి చార అనీ, జనం పడే కష్టాలు చూసి ఏడ్చినప్పుడు పడిందనీ చెప్పింది. ఇంకొకాయన అది శాస్త్రంలోనే ఉందన్నాడు. ఏ శాస్త్రమని నేను అడగలేదు. అది పగులు. ఆ పగులు పడిన రోజు నేను ఆళ్ళగడ్డలో, చేతిలో కొబ్బరికాయ పట్టుకుని, దానికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను.

కీప్యాడ్ ఫోన్ల కాలంలో డిగ్రీ పూర్తిచేసిన నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నంద్యాలలో పడుచువాడంటే బ్యాంకు కోచింగులో కూర్చున్నవాడే. నేనూ కూర్చున్నాను. చిట్టచివరికి కోచింగు సెంటరుకే నా మీద విసుగు పుట్టింది. అప్పుడు మా అక్క నన్ను పనిలోకి తీసుకుంది. మా నాయనకు నంద్యాలలో తలుపులూ ద్వారబంధాలూ చేసే పట్టెడ ఉండేది. అక్క ఆ పొట్టులోనే ఆడుకుని పెరిగి, మిగిలిన గట్టిచెక్క ముక్కలతో బొమ్మలు కోయడం నేర్చుకుంది. అందుకు నాయన ఆమెకు సన్నరంపం మిషను కొనిచ్చాడు. చూడటానికి కుట్టుమిషను లాగే ఉంటుంది, సూది ఉండేచోట వెంట్రుకలాంటి రంపం పైకీ కిందికీ ఆడుతుంటుంది. రంపం ఉన్నచోటు వదలదు, చెక్కను మనమే తిప్పుకోవాలి. అక్కకు ఆళ్ళగడ్డలో రాతిబొమ్మలు చెక్కే ఇంట్లో సంబంధం కుదిరితే, బీరువాతో పాటు ఆ మిషను కూడా టెంపో ఎక్కి అత్తగారింటికి పోయింది.

నా పని ముక్కలు ఏరుకురావడం. ఈ మాట చెబితే ఇప్పటి కుర్రాళ్ళు ఏదో అడవి, పరిమళం అని ఊహించుకుంటారు. పట్టెడల్లో పనికిరాని ముక్కలను వెనక గోడవారన పోస్తారు, ఊరి మగవాళ్ళందరూ ఉచ్చ పోసేదీ, వక్కాకు ఊసేదీ సరిగ్గా ఆ గోడకే. టేకు, జిట్రేగి, నల్లమద్ది, ఏగిస, ఏ ముక్క తీసినా దాని కింద బల్లిగుడ్లో ఎలుకపెంటో ఉండేవి. ముక్కుకు గుడ్డ కట్టుకుని వాటిని గోతాంలో వేసుకుని, శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డ పోయే బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుంటే, పక్కనున్నవాళ్ళు నావైపు చూసిన చూపులు నాకింకా గుర్తున్నాయి. సాయంత్రం ముక్కు చీదితే నల్లమద్ది కోసిన రోజు ఒక రంగూ, ఏగిస కోసిన రోజు ఇంకొక రంగూ వచ్చేది. ఏగిస చెక్క నానబెట్టిన నీళ్ళు తాగితే షుగరు తగ్గుతుందని వీధిలో వాళ్ళు ముక్కలడిగి పట్టుకుపోయేవారు. అవి ఏ గోడ కింద నుంచి వచ్చాయో చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది.

ఇంత చేసి తెచ్చిన చెక్కతో జనం అడిగేదేమిటంటే, ముక్కులు రాసుకునే రెండు హంసలు, మధ్యలో పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ ఉన్న గుండెకాయ, లేదా వాళ్ళ నాయకుడి మీసాలు. వందేళ్ళు అడవిలో నిలబడిన జిట్రేగి చివరికి ఒకాయన మీసం కావడానికా అని గొణుక్కునేవాణ్ణి. అక్క మాత్రం హంసనైనా మీసాన్నైనా ఒకే శ్రద్ధతో కోసేది.

ఆమె మామకు ఇదేదీ నచ్చేది కాదు. నేనూ ఆయన్ని మామా అనే పిలిచేవాణ్ణి. అహోబిలం పోయే బస్సులు ఆగి చూసేంతగా దేవతావిగ్రహాలు చెక్కే మనిషి. ఇంటికొచ్చిన వాళ్ళందరితో మా కోడలు కుట్టుమిషను మింద దేవుళ్ళను కుడతాందప్పా అని చెప్పి నవ్వించేవాడు. మిషను పొట్టు రాళ్ళ మీద పడుతుందని ఆయనా, రాతిదుమ్ము మోటారులో పడుతుందని అక్కా, ఇద్దరూ మర్యాదగా మూతులు ముడుచుకుని తిరిగేవారు. బావ పెళ్ళాం ముందు పెళ్ళాం మాటకూ, తండ్రి ముందు తండ్రి మాటకూ తలూపి, రెండు పూటలా నెమ్మదిగా భోంచేసేవాడు.

అట్లాంటి రోజుల్లో కోయిలకుంట్ల నుంచి ఒక శెట్టిగారు రాతి వినాయకుడి కోసం వచ్చి, వసారాలో అక్క బొమ్మలు చూశాడు. కొత్తగా కడుతున్న తన ఇంటి ద్వారబంధంలో ఒక టేకుముక్క మిగిలిందనీ, దానితోనే అమ్మవారి ముఖం కోసిస్తే అదే ద్వారబంధం పైన బిగించుకుంటాననీ అన్నాడు. వాకిలిదీ అమ్మవారిదీ ఒకే మాను కావాలని ఆయన కోరిక, కాబట్టి ఆ ముక్క పోతే ఇంకో ముక్క లేదు. మామ శెట్టిగారి ఎదుటే అక్కకు తీర్పు చెప్పాడు.

"ఇది ఆయప్ప వాకిటికి ఎక్కితే నీ మిషను ఈడ్నే ఉండనీ. ఎక్కకుంటే నంద్యాలకు పంపించెయ్యమ్మా. నాకు రాళ్ళు పెట్టుకునేకి జాగా ల్యా."

అక్క సరేనంది. మిషను నంద్యాలకు పోతే తనకు ఆ ఇంట్లో వంట తప్ప ఇంకేం మిగలదని ఆమెకు తెలుసు. ఆమె వంట తిన్నాను కాబట్టి నాకూ భయంగానే ఉండింది.

చిక్కంతా కండ్ల దగ్గర వచ్చింది. రాతిపనిలో విగ్రహమంతా ముగిసి, మంచి ఘడియ చూసి, తొలిచూపు అందులో పడేటట్టు ఎదుట అద్దం పట్టి, అందరికంటే చివర కండ్లు తెరుస్తారు. అంతదాకా అది రాయే. సన్నరంపం పని దీనికి తలకిందులు. కన్ను, ముక్కుపుడక, కిరీటంలో సందులు, ఇట్లాంటి లోపలి కోతలన్నీ ముందు కోసి, అంచు చివర కోయాలి. చుట్టూ చెక్క నిండుగా ఉన్నప్పుడే లోపల కోసేందుకు పట్టు ఉంటుంది. అక్క ఈ సంగతి చెబితే మామ వినలేదు.

"కండ్లు ముందు తెరిస్తే, ముక్కూ మూతీ కోసేదంతా ఆయమ్మ చూస్తా కూచోవాల్నా? నువ్వు ఆపరేషను చేయించుకునేటప్పుడు మెలకువగా ఉంటావా?"

"రాయికి వెనకాల కొండంత బలముంటాది మామా. ఇది పలక. చుట్టూ కోసేసినాక కండ్లు కోస్తే నిలబడదు."

"నేను తెరిచినన్ని కండ్లు నువ్వు చూసినావా?"

అక్క ఆయన చెప్పినట్టే కండ్లకు సన్నని బెజ్జాలు మాత్రం వేసి వదిలేసి, మిగతాదంతా కోసింది. కిరీటం జల్లెడలా, జుట్టు పాయలు పాయలుగా, చేతిలో పట్టుకుంటే వణికేంత సున్నితంగా వచ్చింది ముఖం. వెక్కిరించడానికని ఎంత వెతికినా నాకు వంక దొరకలేదు, ఆ కోపం ఇప్పటికీ ఉంది.

శుక్రవారం పొద్దున శెట్టిగారి కుటుంబం కారులో దిగింది. శెట్టెమ్మ ఎదుట నిలబడి అద్దం పట్టింది, నా చేతికి కొబ్బరికాయ ఇచ్చారు. అక్క రంపం పై కొన ఊడదీసి, ఎడమకంటి బెజ్జంలోంచి దూర్చి, మళ్ళీ బిగించి మిషను వేసింది. పట్టులేని ఆ పలక బల్ల మీద పళ్ళు కొట్టుకున్నట్టు టకటకలాడింది. అంతే, చిట్లిన చప్పుడు. కనుబొమ నుంచి చెంప దాకా గీత పడింది. అదిరిపడిన శెట్టెమ్మ చేతిలో అద్దం పక్కకు తిరిగి, అందులో అమ్మవారికి బదులు కొబ్బరికాయ పట్టుకున్న నా ముఖం కనిపించింది. ఆ రోజు అపశకునమంటూ ఏదైనా జరిగి ఉంటే అదే.

ఆ తర్వాత జరగాల్సిన నాటకమంతా జరిగింది. ఇంటికి రాకముందే పగిలిపాయనే అని శెట్టెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. శెట్టిగారు ఆకాశం వైపు చూశాడు. మామ గొంతు సవరించుకుని, భిన్నమైపోయింది కాబట్టి కుందూ నదిలో కలిపేయమన్నాడు. ఆ ఎండాకాలం కుందూలో అగ్గిపుల్లను కలపడానికైనా నీళ్ళు లేవని నేను మనవి చేశాను, ఎవరూ నవ్వలేదు. అక్క మిషను ఆపి, పగిలిన ముఖం ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"మామా, కండ్లు తెరవనిదాన్ని మీరేమంటారు?"

ఈ ప్రశ్న ఎక్కడిదో అక్కడున్న రాతిపనివాళ్ళందరికీ తెలుసు. సగం చెక్కిన లక్ష్మీదేవి కడుపు మీద వాళ్ళు టీ గ్లాసులు పెట్టుకునేవారు, ఆంజనేయస్వామి భుజం మీద కాలు పెట్టి బీడీ కాల్చేవారు. అహోబిలం భక్తులు దిగి చెంపలు వేసుకున్నప్పుడల్లా మామ చెప్పే మాట ఒకటే, కండ్లు తెరిచేదాకా అది రాయేనమ్మా, నువ్వు కూచున్న గుండురాయికీ దానికీ తేడా ల్యా అని. ఆ టీ గ్లాసుల పుణ్యాన ఆయనకు ఇప్పుడు తప్పించుకునే దారి లేకపోయింది.

"రాయంటాం," అన్నాడు మామ.

"అయితే ఇదింకా చెక్కే. అమ్మవారు కాదు భిన్నమయ్యేకి. చెక్క పగిలితే అతికిస్తాం."

వెనకాల ఒక పనివాడికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. మామ శెట్టిగారి వైపు చూశాడు, శెట్టిగారు శెట్టెమ్మ వైపు చూశాడు. శెట్టెమ్మ కొంగు నోట్లోంచి తీసి, మళ్ళా శుక్రవారం వస్తాంలే అమ్మా, గట్టిగా అతికించు అంది.

అక్క ఆ టేకుపొట్టునే జిగురులో కలిపి పగుల్లో కూరి, ఆరనిచ్చింది. తర్వాత నేను తెచ్చిన చెత్తలోంచి ఒక పాత పలకను కింద ఆనించి, రెండింటినీ కదలకుండా టేపుతో చుట్టి, వెనక్కి బలమిచ్చి, రెండు కండ్లూ కోసింది. కోసినప్పుడు ఊడిన రెండు కంటిముక్కలను మళ్ళీ వాటి చోటనే నొక్కి కూర్చింది. సందు రంపం మందమే కాబట్టి, చూడటానికి అమ్మవారు కండ్లు మూసుకున్నట్టే ఉంది. మామకు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, మూసే ఉండాయి అన్నాడు. అంతకు మించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

మళ్ళీ శుక్రవారం అద్దం వచ్చింది, కొబ్బరికాయ వచ్చింది. మామ తన ఉలుల్లో అన్నిటికంటే సన్నదాన్ని తీసి, మంత్రం గొణుక్కుంటూ ఒక్కో కంటి మీద మొనతో మెల్లగా నొక్కాడు. ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఆయన అరచేతిలో రాలాయి. రాతికండ్లు తెరిస్తే రాలేది దుమ్మే, దాన్ని ఊదేసి ఊరుకుంటారు. చేతిలో పట్టుకునే ముక్క ఆయనకు అన్నేళ్ళలో ఎప్పుడూ మిగిలినట్టు లేదు. వాటిని ఏం చేయాలో తోచక ఉలుల డబ్బాలో వేసుకున్నాడు. అమ్మవారు కోయిలకుంట్లలో వాకిటికెక్కింది. మర్నాడు మామ నాలుగు రాళ్ళు పక్కకు దొర్లించి, మిషనుకు ఒక మూల చూపించి, దుమ్ము పడకుండా గోనెపట్టా కట్టించాడు.

ఏళ్ళ తర్వాత ఆ ముఖాన్నే ఎవడో ఫోనులో ఫొటో తీశాడు, ఇంకెవడో దాన్ని లేజరు షాపులో గీయించాడు. గీయించినవాడికి ఏది ముక్కో ఏది పగులో తెలియదు కాబట్టి, మిషను పగుల్ని కూడా శ్రద్ధగా గీసిపెట్టింది. ఇప్పుడు నంద్యాలలో అమ్మవారు ఇంటింటికీ చెంప పగిలే పుడుతోంది. నేను కడుపుమంటతో ఆ గిఫ్టు పట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అక్క ఆ మూలలో, అదే మిషను దగ్గర, ఎవరిదో మనవడికి గుర్రం కోస్తోంది. బొమ్మను తిప్పి చూసి, గీత మీద వేలితో రాసింది. ఈ మధ్య తన దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా ఫోనులో ఇదే చూపించి, ఆ కన్నీటి చార తప్పకుండా పెట్టమంటున్నారని చెప్పింది. పెడుతున్నావా అని అడిగితే, గుర్రం వైపు చూస్తూ మాట మార్చింది.

మామ దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ విషయంలో మేమిద్దరం ఒకటే. తర్వాత రెండు కండ్లలోనూ బొటనవేళ్ళతో తడిమాడు.

"దీంట్లోంచి తీసిన ముక్కలు యాడ ఉండాయి?"

దేనికైనా ఒక వెటకారం సిద్ధంగా ఉంచుకునే మనిషిని నేను. ఈసారి లేజరు కింద ట్రేలో పడతాయనీ, సాయంత్రం ఊడ్చేస్తారనీ మాత్రం చెప్పాను. అంటే దీనికి కండ్లు ఎవరూ తెరవలేదన్నమాట అని బొమ్మ నా చేతికిచ్చేసి, ఉలుల డబ్బా దగ్గరికి లాక్కుని పనిలో పడ్డాడు.

దాన్ని ఇంటికి తెచ్చి చెత్తబండిలో వేయబోతే, బండివాడు దేవుడు గదన్నా అని చెంపలేసుకుని వెళ్ళిపోయాడు. ఒకప్పుడు కండ్లు తెరవడానికి రెండు శుక్రవారాలూ, ఒక తగువూ, ఒక అద్దమూ పట్టేవి. ఇప్పుడు కవరు విప్పితే చాలు. మామ లెక్క ప్రకారం అదింకా అట్టముక్కే, బండివాడి లెక్క ప్రకారం అమ్మవారే. రెండు కంటి బెజ్జాలూ మాత్రం నేనెటు తిరిగినా నా వైపే ఉంటున్నాయి. నిన్న దాన్ని గోడవైపు తిప్పిపెట్టాను.