టీచరమ్మ ఖాళీ చేసిన గది

మా ఎదురింటి టీచరమ్మ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున పిల్లలకు దోసెలు పోస్తుంటే ఫోనుకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. తణుకు నుంచి, ఆవిడ చెల్లెలు. "అమ్మా, నువ్వెవరో నాకు సరిగ్గా తెలియదు. అక్క ఫోనులో నీ నంబరు 'కువైట్ ఎదురిల్లు' అని ఉంది. నిన్న ఉదయం కాఫీ తాగి, పేపరు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి పిలిస్తే పలకలేదు. నీకు చెప్పాలనిపించింది."

పెనం మీద దోసె మాడిపోయింది. మెసేజ్ ఇంకోసారి విని, వెళ్లి తలుపు తీశాను. ఎదురింట్లో ఇప్పుడు ఒక సిరియా కుటుంబం ఉంటోంది. గుమ్మం ముందు వాళ్ల పిల్లల చెప్పులు. 

మీలో ఇక్కడ కువైట్‌లో, మా హవల్లీలో ఉన్నవాళ్లకు ఆవిడ తెలిసే ఉంటారు. మీ పిల్లలు కూడా ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకుని ఉంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి బడుల్లో చెప్పారు. సాయంత్రాలు ఇంట్లో చెప్పేవారు. పన్నెండేళ్ల క్రితం నేను రాజంపేట నుంచి కొత్త కాపురానికి వచ్చినప్పుడు మా అంతస్తులో మాది కాక తెలుగు మాట్లాడే ఇల్లు వాళ్లదొక్కటే. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కోసం నా కాగితాలు నింపింది ఆవిడే. కుబూస్ రొట్టె వేడిగా ఉన్నప్పుడే ఆవకాయ రాసుకుని తినాలని నేర్పిందీ ఆవిడే. మా పెద్దది పుట్టినప్పుడు ఊరి నుంచి ఎవరూ రాలేకపోతే, బడి నుంచి రాగానే చీర కూడా మార్చుకోకుండా వచ్చి బిడ్డకు నీళ్లు పోసేవారు. లిఫ్ట్ చప్పుడును బట్టి వచ్చేది ఎవరో పోల్చుకునేవారు. మనం బెల్లు మీద వేలు పెట్టేలోపే తలుపు తెరుచుకునేది.

పిల్లలు లెక్క తప్పు చేసి గబగబా కొట్టేయబోతే చెయ్యి పట్టుకునేవారు. "పిచ్చిగీతలు గీయకు. ఒక్క గీత గీసి వదిలెయ్. ఎక్కడ తప్పావో రేపు కనిపించాలి కదా" అనేవారు. నేను ఏదైనా కష్టం చెప్పుకోవడం మొదలుపెడితే మధ్యలో ఆపి, "ముందు ప్రశ్న పూర్తిగా చదువమ్మాయ్" అనేవారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత్తర్వాత ఆ మాట విందామనే వెళ్లేదాన్ని.

ఆవిడ భర్తను నేను బాబాయిగారు అని పిలిచేదాన్ని. హవల్లీలోనే ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో మెకానిక్. జనం బాగుచేయించుకోకుండా వదిలేసిన రేడియోలు, టేపు రికార్డర్లు, వీసీఆర్లు, చిన్న టీవీలు అన్నీ ఇంటికి మోసుకొచ్చేవారు. వాళ్లకు పిల్లలు లేరు. పిల్లల గది కావలసిన మూడో గది నిండా అవే. దాన్ని టీచరమ్మ రిపేరు గది అనేవారు. "ఒక్కటైనా బాగైందా?" అని ఆవిడ ప్రతి సెలవు రోజూ అడగడం, ఆయన నవ్వేసి స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలికి పోవడం మేం అలవాటుగా చూసిందే. నాలుగేళ్ల క్రితం ఆయన ఆసుపత్రిలో రెండు రోజులుండి పోయారు. ఊరికి తీసుకెళ్లి అన్నీ ముగించి తిరిగొచ్చాక టీచరమ్మ ఆ గది తలుపు వేసేశారు. తాళం వేయలేదు. ఊరికే దగ్గరగా వేశారు, అంతే.

కిందటేడు ఆవిడకు రిటైర్మెంట్ వచ్చింది. ఇఖామా అయిపోతుంది, నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేసివ్వాలి. మంచాలు, ఫ్రిజ్ అడిగినవాళ్లకు ఇచ్చేశారు. పుస్తకాలు బడికి వెళ్లాయి. మిగిలింది ఆ గది.

మావారు రెండు దారులు చెప్పారు. ఒకటి కంటైనర్. పైన మూత లేని పెద్ద ఇనుప తొట్టిని లారీ మీద తెచ్చి కింద దించిపోతారు. ఐదు రోజులుంటుంది. మనమే మోసుకెళ్లి అందులో వేసుకోవాలి, నిండినా నిండకపోయినా ఐదో రోజు ఎత్తుకుపోతారు. రెండోది హాఫ్ లారీ. ఫోను చేస్తే మనుషులు వస్తారు, వాళ్లే పైకొచ్చి మోసుకుని ఒక పూటలో గది ఊడ్చినట్టు చేసి వెళ్లిపోతారు. నాలుగో అంతస్తు నుంచి మీరేం మోస్తారు, లారీయే మంచిదని మావారు అన్నారు.

టీచరమ్మ రూళ్ల కాగితం తెచ్చి మధ్యలో గీత గీసి, అటు కంటైనర్, ఇటు లారీ అని రాశారు. లారీ వైపు అన్నీ లాభాలే వచ్చాయి. కంటైనర్ వైపు ఒక్కటే రాశారు. కాగితం తిప్పి నాకు చూపించారు. 'నా చేత్తో' అని ఉంది.

"ఎవరో వచ్చి ఆయన సామాను లాక్కుపోతుంటే నేను పక్కన నిలబడి చూడాలా? నేనే వేస్తాను. రోజుకు కొంచెం వేస్తాను. కంటైనర్ చెప్పెయ్ నాయనా" అన్నారు మావారితో.

మా బిల్డింగు పక్కన ఇసుక స్థలంలో, కార్లు పెట్టుకునే చోట, కంటైనర్ దిగింది. మొదటి రోజు ఆవిడ ఒక టేపు రికార్డర్ చంకలో పెట్టుకుని కిందికి దిగారు. బాల్కనీలోంచి చూస్తున్నాను. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగారు. దాని గోడ ఆవిడ భుజానికి పైన ఉంది. చేతులెత్తి లోపలికి వదలాలి. వదల్లేదు. టేపు రికార్డర్‌తో సహా పైకి వచ్చేశారు. ఎండ బాగా ఉందమ్మాయ్ అన్నారు.

రెండో రోజు మళ్లీ దిగి, వెళ్లినట్టే వచ్చారు. మూడో రోజు పైకి వచ్చేటప్పుడు చేతిలో ఒక గ్లోబు ఉంది. ఎవరో పారేసినది, స్టాండు విరిగింది కానీ దేశాలన్నీ బాగానే ఉన్నాయట. "చూశావా, ఆయన జబ్బు నాకూ అంటుకుంది" అని నవ్వారు.

ఎవరో పారేసినది అన్నాను కదా. కంటైనర్ ఊరికే ఉంటే మా బిల్డింగులో ఎవరు ఊరుకుంటారు? కింది ఈజిప్టువాళ్లు పాత సోఫా వేశారు. రెండో అంతస్తు మలయాళీవాళ్లు పరుపులు వేశారు. దాచడం ఎందుకు, మేమూ కాలు విరిగిన మంచం ఒకటి వేశాం. ఆవిడ సామాను ఎంతని, మూలన చోటు ఉంటుందిలే అనుకున్నాం. నాలుగో రోజుకు తొట్టి పైదాకా నిండింది. ఐదో రోజు లారీ వచ్చి కొక్కెం తగిలించి ఎత్తుకుపోయింది. అందులో టీచరమ్మ వేసిన వస్తువు ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం మావారూ నేనూ వెళ్లేసరికి రిపేరు గదిలో కింద కూర్చుని ఉన్నారు. చుట్టూ సామాన్లు. మమ్మల్ని చూసి, "బిల్డింగంతా శుభ్రమైంది" అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే ఉన్నారు. పక్కన కూర్చుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అప్పుడు తెలిసింది, అది నవ్వు కాదని. ఇల్లు ఖాళీ చేసివ్వడానికి ఇంక మూడు రోజులే ఉంది. హాఫ్ లారీని పిలవమని ఆవిడే చెప్పారు.

లారీ ఆయనది రాయచోటి. యాభై ఏళ్లుంటాయి, గడ్డం సగం నెరిసింది. సాయానికి ఒక బంగ్లాదేశ్ మనిషి. టీచరమ్మ గది చూపించి, "నేను వంటింట్లో ఉంటాను, అయిపోయాక చెప్పండి" అని వెళ్లిపోయారు. నేను వరండాలో నిలబడ్డాను. రాయచోటి భాయ్ గదిలో చుట్టూ చూసి, మోయడం మొదలుపెట్టకుండా, జేబులోంచి టెస్టర్ తీశాడు. వరండాలోని ప్లగ్గుకు వైరు పెట్టి ముందున్న రేడియో తగిలించాడు. పనికొచ్చేవి వేరుగా పెట్టుకోవడం వాళ్ల మామూలు.

రేడియో మోగింది. అరబ్బీలో ఎవరో వార్తలు చదువుతున్నారు.

భాయ్ గొంతు తగ్గించి ఇంకోటి తగిలించాడు. అదీ మోగింది. మూడోది మోగలేదు. నాలుగోది టేపు రికార్డర్, చక్రాలు తిరిగాయి. నేను వంటింటి వైపు చూసేసరికి టీచరమ్మ అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"చూస్తాండా టీచరమ్మా. ఇవన్నీ చెడిపోయిండేవని చెప్పినారే. పని చేస్తాండాయి కదా."

"చెడిపోయినవే. ఆయన ఒక్కటీ బాగుచేయలేదు."

భాయ్ రేడియోను వెనక్కి తిప్పి చూపించాడు. అట్ట మీద ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి ఉంది. మోగిన వాటన్నిటికీ ఉంది. మోగనిదానికి లేదు. ఆ టిక్కు నాకు తెలుసు. మా పెద్దదాని నోటు పుస్తకాల నిండా ఉండేది. కింద కొంచెం వంకర, పైకి పొడుగ్గా. టీచరమ్మ దాని మీద వేలు పెట్టారు.

"నా పెన్నుతో పెట్టారు. నేను పెట్టినట్టే పెట్టారు" అన్నారు.

తర్వాత ఒక గంటసేపు భాయ్ ఒక్కొక్కటీ తగిలించడం, టీచరమ్మ వరండాలో నేల మీదే కూర్చుని వినడం. టిక్కు ఉన్నదల్లా పనిచేసింది. టీవీలలో తెల్లటి చుక్కలు వచ్చాయి. వీసీఆర్ నోరు తెరిచింది. బంగ్లాదేశ్ మనిషి కూడా మోయడం మానేసి వచ్చి కూర్చున్నాడు.

"బాగైందా అని నేను అడిగేదాన్నమ్మాయ్, నీకు తెలుసు కదా" అన్నారు టీచరమ్మ నాతో. "అయిందంటే ఇచ్చెయ్యమంటానని ఆయన భయం. ఇరవై ఏళ్లు చేతకాని మెకానిక్ అని నా చేత అనిపించుకున్నారు. ఒక్కసారి నేను ప్లగ్గు పెట్టి చూసుంటే సరిపోయేది." మళ్లీ తనే, "నేనే ప్రశ్న పూర్తిగా చదవలేదు" అన్నారు.

ఆ రోజు లారీ సాయంత్రం దాకా కదల్లేదు. టీచరమ్మ మా బిల్డింగులో ప్రతి గుమ్మానికీ వెళ్లారు, వెనక నేనూ భాయ్ సామాను మోస్తూ. ఈజిప్టువాళ్లకు ఒక టీవీ. మలయాళీవాళ్లకు ఒక టేపు రికార్డర్. తన కంటైనర్ నింపిన ఇళ్లన్నిటికీ తలా ఒకటి ఇచ్చారు, కంటైనర్ మాట ఎత్తకుండా. "మా వారు బాగుచేశారు" అని మాత్రం ప్రతి ఇంట్లోనూ చెప్పారు. ఆ మలయాళీ ఆవిడ తలుపు వేసుకున్నాక లోపల ముక్కు చీదుకోవడం మాకు వినిపించింది. మాకు గుండ్రటి మీటలున్న రేడియో ఒకటి వచ్చింది.

మిగిలినవి ఫహాహీల్‌లో తన ఊరివాళ్లు ఉండే గదులకు చేరుస్తానని భాయ్ అన్నాడు. పొద్దంతా ఎండలో పనిచేసి వచ్చేవాళ్లు, ఏదో ఒకటి వింటూ పడుకుంటారన్నాడు. టిక్కు లేనివి మాత్రం చెత్తకు. దానికి టీచరమ్మ తల ఊపారు. అన్నీ ఎక్కించాక భాయ్ ఒక చిన్న రేడియో చేత్తో పట్టుకుని మళ్లీ పైకి వచ్చాడు.

"ఇది నాకియ్యి టీచరమ్మా. మామూలుగా మేం ఎవురినీ అడగం, తీస్కపోతాం. ఇది అడిగి తీస్కోవాలనిపించింది."

ఆవిడ దాన్ని తీసుకుని, వెనక్కి తిప్పి టిక్కు చూసుకుని, రెండు చేతులతో అతనికి ఇచ్చారు.

రెండు రోజుల తర్వాత మేమే ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాం. ఒక పెట్టె, ఒక చేతిసంచి. ఆ సంచిలో గ్లోబు. దారిలో నేను ఉండబట్టలేక, మొదటే లారీని పిలిచి ఉంటే మీకు ఆ ఐదు రోజుల యాతన తప్పేది కదా అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "మొదటే పిలిచి ఉంటే వాళ్లను ఆ గదిలోకి రానిచ్చేదాన్ని కాదమ్మాయ్. పారెయ్యలేనని తెలియడానికి నాకు ఐదు రోజులు పట్టింది" అన్నారు.

ఇప్పుడు ఊరికి వెళ్లిపోయేవాళ్లు మమ్మల్ని అడుగుతుంటారు, కంటైనర్ తెప్పించుకోవాలా, లారీ పిలవాలా అని. అది సామానును బట్టి కాదు, మనిషిని బట్టి ఉంటుందని చెబుతాను. వాళ్లకు అర్థం కాదు. ఒకటి మాత్రం తప్పకుండా చెబుతాను, పారేసే ముందు ప్లగ్గు పెట్టి చూడండని.

తణుకు వెళ్లాక వారానికోసారి ఫోను చేసేవారు. చెల్లెలు బాగా చూసుకుంటోందని, కూరగాయలు చవకని, వర్షాలు బాగున్నాయని చెప్పేవారు. పిల్లల మార్కులు అడిగేవారు. ముప్పై ఏళ్లు అక్కడ ఉండి ఈ ఊరు ఎప్పుడు వెళ్తానా అని చూశాను, వచ్చాక ఇక్కడ ఏం చేయాలో తెలియడం లేదు అని ఒకసారి అన్నారు. కువైట్‌కు ఒకసారి వచ్చి పోండి అన్నాను. ఏ వీసా మీద వస్తానమ్మాయ్ అని నవ్వారు.

పోయిన నెలలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి చేశారు. ఎప్పుడూ ఆ వేళకు చేయరు. ఏమైందోనని కంగారుపడ్డాను. ఏమీ కాలేదు, బడి వదిలే వేళ కదా అన్నారు.

"ఫోను బాల్కనీలోకి తీసుకెళ్లమ్మాయ్. కాసేపు బయటికి పట్టుకో. నువ్వేం మాట్లాడకు."

వెళ్లి, కమ్మీ మీదుగా చెయ్యి చాచి ఫోను పట్టుకున్నాను. కింద మా వీధిలోని బడి ముందంతా బస్సులు. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. ఎవరో ఆయా గట్టిగా పేర్లు పిలుస్తోంది. తెల్ల చొక్కాల పిల్లలు బస్సుల మధ్యలోంచి అరుచుకుంటూ, నీళ్ల సీసాలతో ఒకరినొకరు కొట్టుకుంటూ పరిగెడుతున్నారు. ఫోను ఎండకు వేడెక్కింది. చెయ్యి నొప్పి పుట్టింది, మార్చుకున్నాను. అవతల ఆవిడ ఉన్నారో, పెట్టేశారో తెలియలేదు. చెవి దగ్గర పెట్టుకుని చూడాలనిపించలేదు. చివరి బస్సు మలుపు తిరిగేదాకా అలాగే చెయ్యి చాచి నిలబడ్డాను.