దొరసానుల కాయం

మదనపల్లెలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఒక ఇంగ్లీషు పాఠంలో ‘కాడల్’ అనే మాట వచ్చింది. ఆ మాట ఇప్పుడెవరూ వాడరని మా మాస్టారు చెప్పారు. లాటిన్‌లో వెచ్చదనాన్ని చెప్పే మాట ఫ్రెంచి వాళ్ల నోట నలిగి ఇంగ్లీషుకు చేరిందట. పల్చని గంజిలో గుడ్డుసొన, చక్కెర, మసాలా దినుసులు, ద్రాక్షసారాయి కలిపి కాచి, వేడివేడిగా బాలింతలకు తాగించేవారట. ముందు బెంచీలో ఉన్న ఆడపిల్లలం తలలు వంచుకున్నాం.

పుంగనూరులో పుట్టింట నా తొలికాన్పు అయ్యేదాకా ఆ మాట మళ్లీ తలపుకు రాలేదు. మా అవ్వ లెక్కలో బాలింత నీళ్లు తాగకూడదు. పొద్దున శొంఠి, మిరియాలు, బెల్లం దంచిన కాయం ఉండ, మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో పొడి అన్నం, గొంతు తడవడానికి గుక్కెడు వేన్నీళ్లు. అంతే. నాకు పాలు పడలేదు. పాప లాగి లాగి ఏడ్చేది. రానురాను ఆ ఏడుపు కూడా సన్నబడుతుంటే నాకు భయం పట్టుకుంది.

“అవ్వా, చెంబెడు నీళ్లియ్యి.”

“నువ్వు తాగితే బిడ్డకు జలుబు చేస్తాది. మీయమ్మను నేను ఇట్లే సాకినా.”

“దొరసానులు కాయాన్ని గంజిలో కాసి తాగేవాళ్లంట.”

అవ్వ దంచడం ఆపింది. “వాళ్లకీ కాయముండాదా? నీకెవురు చెప్పిరి?”

“కాలేజీలో మాస్టారు.”

“మగోడా? బాగుండాది మీ కాలేజీ.” మళ్లీ రెండు పోట్లు వేసి, “ఏమేమి ఏస్తారంట?” అంది.

చెప్పాను. సారాయి దగ్గరికి రాగానే కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “అదా నీ ఆరాటం. ఆ సరుకు ఈ ఇంట్లోకి రాదు మే.”

అయినా లేచి వెళ్లి రాగిగంజి పల్చగా కాచి, అందులో కాయం ఉండ కరిగించి చెంబు నిండా తెచ్చింది. నీళ్లకు ఒప్పుకోని మనిషి కాయానికి ఒప్పుకుంది. ఆపకుండా తాగేశాను. అడిగినప్పుడల్లా పోసింది.

ఇప్పుడు కుప్పంలో మా ఇంట్లో, పాప కాస్త దగ్గినా లేచి నుదురు తాకి చూస్తుంటాను. అడగడానికి అవ్వ లేదు. అప్పటి పుంగనూరు వంటింటి శొంఠి ఘాటు మాత్రం గుర్తుకొస్తుంది. అక్కడే, నాకు పాలు పడిన రోజు, పాప కడుపు నిండి తనంతట తానే రొమ్ము వదిలి నిద్రపోయింది. అవ్వ దాని పెదవి తుడిచి, చెంబు నా చేతిలో పెట్టి అంది:

“ఇంకా ఉండాది, తాగు.”