ఐదేండ్ల పిల్ల నన్ను గిరగిర తిప్పింది

మొన్న శుక్రవారం నేను మా సెంటర్‌ల సీలింగుకు బట్టల మూట లెక్క వేలాడిన. ఐదేండ్ల పిల్ల నన్ను గిరగిర తిప్పింది. దించాల్సిన మనిషి ఎదురుంగనే నిలబడ్డడు, దించలే! నవ్వకుండ వినండి. సరే, నవ్వుకుంటనే వినండి, మీరు ఆగరని నాకెర్కనే.

నా నౌకరీ సంగతి తెలుసు కద. రోజు చేవెళ్లల బస్సెక్కి మొయినాబాద్ పోత. మెయిన్ రోడ్డు మీద టైర్ల దుకాణం, దాని పైన మా థెరపీ సెంటర్. నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను. అంటే ఏందని మా అవ్వ ఇంకా అడుగుతనే ఉన్నది. "చెంచా పట్టరాని పిల్లలకు పట్టుడు నేర్పుతమే, గుండీలు పెట్టుకోరాకుంటె అది నేర్పుతం, మట్టి ముట్టాలంటె భయపడే పిల్లలకు ఆ భయం పోగొడ్తం" అని చెప్పిన. "గివన్ని నీకు నేను సదువుకోకుంటనే నేర్పిన గద" అన్నది.

చేరి నెల కూడ కాలే. వచ్చే పిల్లలల్ల సహస్ర అని ఒక పాప ఉన్నది. బాపట్ల దిక్కువాళ్ళు, ఇక్కడ ఉండబట్టి చాన ఏండ్లాయె. వాళ్ళ నాయినకు గచ్చిబౌలిల సాఫ్ట్‌వేర్ నౌకరీ, శంకర్‌పల్లి రోడ్డు మీద విల్లా. పాప ముద్దుగుంటది, కండ్లు పెద్దగ. ఒక్కటే కష్టం, దేన్నీ ముట్టది. రెండు పిడికిళ్ళు బిగబట్టి ఛాతీకి ఆనించుకొని నడుస్తది. ఇసుక వద్దు, మెత్త బొమ్మ వద్దు, అన్నం మెతుకు కూడ వద్దు. మనుషుల చెయ్యి అసలే వద్దు.

"రోడ్డు దాటాలంటే ఎత్తుకోవాల్సిందేనండి డాక్టర్ గారూ. వేలు కూడా పట్టుకోదు" అన్నడు వాళ్ళ నాయిన మొదటి రోజు. నేను డాక్టర్‌ను కాదు సార్ అని చెప్దామనుకున్న గనీ, ఆయన మొఖం చూసి ఊకున్న.

బియ్యం టబ్బు పెట్టిన, దూది పెట్టిన, గోధుమ పిండి పిసికి రంగు కలిపి పెట్టిన. పాప వచ్చుడు, చూసుడు, పిడికిళ్ళు ఇంకా బిగించుడు. ఇంటికి పోయేటప్పుడు బస్సుల కూసోని నాకు ఈ పని రాదేమో అనుకునేదాన్ని. మా సీనియర్ మాధవి మేడం మాత్రం, "పిల్ల వెంట నువ్వు పో. నీ వెంట పిల్లను గుంజకు" అన్నది. అర్థమైందని తలకాయ ఊపిన. ఏం అర్థం కాలే.

శుక్రవారం మేడం చిల్కూరుల ఒక బడికి పోయింది. "సెషన్ నేను చూసుకుంట మేడం, ఫికర్ వద్దు!" అన్న. ఎంత కాన్ఫిడెన్స్ అనుకున్నరు!

మా గదిల సాగే బట్టతోటి చేసిన ఊయల ఉన్నది. ఒకటే కొక్కానికి వేలాడుతది. లోపల కూసుంటె బట్ట చుట్టూర దగ్గరకొచ్చి మనల్ని పట్టుకుంటది. కొందరు పిల్లలకు అండ్ల ప్రాణం నెమ్మదిస్తది. సహస్ర దాన్ని దూరం నుంచే చూస్తుండె. నేను ఎక్కి చూపిస్తె భయం పోతదేమో అనుకున్న. పొద్దున ఒక పెద్ద పిల్లగాని కోసం దాన్ని పైకి కట్టిన, దించుడు మర్చిపోయిన. ఫరవాలేదు, స్టూల్ ఉన్నది కద!

స్టూల్ ఎక్కిన. ఊయలల కూసున్న. "చూడు సహస్రా, అక్క ఎట్ల కూసున్నదో!" అని కాలు జాడించిన. స్టూల్ పడిపోయింది.

కాళ్ళు కిందికి అందుతలేవు. బట్ట సాగుతున్నది గనీ నేలదాక వస్తలేదు. బయటికి రావాల్నని ఇటు గుంజిన, అటు గుంజిన. గుంజినకొద్ది ఊయల తిరుగుతున్నది. తిరిగినకొద్ది పైన బట్ట తాడు లెక్క మెలికపడి, ఉన్న సందు మూసుకపోయింది! లోపల అంత నీలం రంగు చీకటి. నా జడ క్లిప్పు ఎక్కడనో తట్టుకున్నది. మోకాళ్ళు గదుమకు ఆనినయ్.

అప్పుడు యాదికొచ్చింది, గది తలుపు తెరిచే ఉన్నదని. అవతల వరండా, వరండా కొసకు మెట్లు, మెట్ల కింద రోడ్డు. వికారాబాద్ బస్సులు ఎట్ల పోతయో మీకు తెలుసు.

"సహస్రా! ఏడున్నవ్ అమ్మా?"

ఆ పాప మాట్లాడేదే తక్కువ.

"సార్! ఓ సార్! జర లోపలికి రండి!"

సార్ వరండాలనే ఉన్నడు. చెవులకు హెడ్‌ఫోన్స్, ఒడిల ల్యాప్‌టాప్, అవతల ఎవరో తెల్లోళ్ళతోటి మీటింగు. నా కేకలు ఆయనకు ఎట్ల వినబడ్తయ్?

ఇగ ఏడుపొక్కటే తక్కువ. నౌకరీ పోతె పోయింది, పిల్ల మెట్ల కాడికి పోకుంటె చాలని మొక్కుకుంటున్న.

అప్పుడు నా వీపుకు ఏదో ఆనింది.

మొదలు ఒక వేలు. పొడిచి తీసేసింది. మళ్ళ వచ్చింది, ఈసారి రెండు. జరసేపటికి బట్ట మీదికెళ్ళి చిన్న అరచెయ్యి మొత్తం, వెచ్చగ, నా వీపు మీద పరుచుకున్నది. ఐదు వేళ్ళూ వేరువేరుగ తెలిసినయ్ నాకు. నేను ఊపిరి తీసుకోలే. కదిలితె తీసేస్తదేమో అని.

తీయలే. నెట్టింది!

ఊయల మెల్లగ తిరిగింది. ఇంకోసారి నెట్టింది. ఇప్పుడు రెండు చేతులు. మెలిక విడిపోతదనుకున్న. విడిపోయి, ఆగకుండ అటు దిక్కు మళ్ళ మెలికపడ్డది. ఆ తిరుగుడుల బయట ఒక నవ్వు వినబడ్డది. కిలకిల అనేది కాదు, లోపట్నుంచి పొంగుకొచ్చే బొంగురు నవ్వు. ఇన్ని దినాలల్ల సహస్ర నవ్వుడు నేను వినలే.

మీటింగ్‌ల వినబడని నా కేకలు ఏమో గనీ, ఆ నవ్వు మాత్రం సార్‌కు వినబడ్డది. ఉరికొచ్చిండు. బట్ట మడతల నడుమ చిన్న సందు దొరికితె అండ్లకెళ్ళి చూసిన. ఆయన గడపల కొయ్యబారి నిలబడ్డడు.

"సార్, దేవుడు పంపినట్టొచ్చిండ్రు! నన్ను దించండి!"

ఆయన నా దిక్కు చూస్తలేడు. పాప చేతుల దిక్కు చూస్తున్నడు.

"డాక్టర్ గారూ..." అన్నడు. "చేతులు పెట్టిందండి."

"పెట్టింది సార్, తెలుస్తున్నది! నాకు కండ్లు తిరుగుతున్నయ్!"

"ఇంకో ఐదు నిమిషాలు ఉండగలరా? ప్లీజ్ అండి. వాళ్ళమ్మకి వీడియో కాల్ చేస్తాను."

ఏమంట చెప్పండి? "కానియ్యండి సార్" అన్న.

మీటింగ్‌ల మైకు బంద్ చేసుడు మర్చిపోయిండు ఆయన. అటు నుంచి ఎవరో ఏమైందని అడిగినట్టున్నరు. ఆయన కండ్లు తుడుచుకుంట ఇంగ్లీషుల చెప్పిండు: "మై డాటర్ ఈజ్ రొటేటింగ్ ద డాక్టర్!" అవతలోళ్ళు ఏమనుకున్నరో ఏమో!

ఫోన్‌ల వాళ్ళమ్మ ఏడ్పు వినబడుతున్నది. లోపల నేను కూడ ఏడుస్తున్న. సగం సంతోషం, సగం కక్కొచ్చేటట్టు ఉండి.

గప్పుడొచ్చింది మాధవి మేడం. స్టూల్ లేపి, పాపతోటి "అక్కను దించుదామా?" అన్నది. మెలిక విప్పి కిందికి వదిలితె మ్యాట్ మీద గోనెసంచి లెక్క పడ్డ. పైకప్పు తిరుగుతున్నది, ఫ్యాన్ తిరుగుతున్నది, మేడం తిరుగుతున్నది. అంతల ఒక చిన్న మొఖం నా మీదికి వంగింది. సహస్ర పిడికిలి విప్పి, మధ్యల బట్ట గిట్ట ఏం లేకుంట, నా చెంప మీద చెయ్యి పెట్టింది. ఒక్క క్షణమే.

"మళ్ళీ" అన్నది.

ఎంత చదివినా ఆ చెయ్యి ఎప్పుడు తెరుచుకుంటదో ఏ పుస్తకంల రాసి ఉండదు. నాకైతె రోమాలు నిలబడ్డయ్. ఇప్పుడు చెప్తుంటె కూడ, ఇగో చూడండి.

వాళ్ళు పోయినంక మేడంను అడిగిన. "బియ్యం ముట్టలే, దూది ముట్టలే. నన్నెట్ల ముట్టింది మేడం?"

"కొందరు పిల్లలకు మెత్తగ ముట్టుకునుడు కన్నా గట్టిగ నెట్టుడు నయమనిపిస్తది. మధ్యల బట్ట ఉన్నది, మొఖం కనబడ్తలేదు, బలవంతం చేసేటోళ్ళు లేరు. ఆ పాపకు కావాల్సింది జర మెత్తగ, మస్తు బరువుగ ఉండి, నెడితె తిరిగే వస్తువు." నన్ను కింది నుంచి మీదిదాక ఒక్కసారి చూసింది. "నువ్వు మంచిగ సరిపోయినవ్."

గంతే! సోమవారం సంది సహస్ర సెషన్‌కు మేడమే థెరపిస్ట్. నేను సామాను.